ఆయుధపూజ నాడు ఐదోకాలు

ధర్మవరంలో ఆంజనప్ప ఆయుధపూజ చేశాడంటే ఆ పొద్దు ఆ ఇంట్లో బొట్టు పడని వస్తువంటూ ఉండదు. చీపురుకు బొట్టు, స్టవ్వుకు బొట్టు, తలుపు గొళ్ళేనికి బొట్టు. ఒక ఏడు గోడ మీద బల్లి కదలకుండా ఉందని దానికీ పెట్టబోతే, అది తోక వదిలేసి పారిపోయిందట. ఆంజనప్ప ఊరుకుంటాడా? ఆ తోకకే బొట్టు పెట్టి హారతి ఇచ్చాడట. ఇది అబద్ధం అనేవాళ్ళు పోయి ఆ బల్లినే అడగొచ్చు, ఇప్పటికీ ఆ గోడ మీదనే ఉంది.

ఆయనది అట్టలు కొట్టే అంగడి. పట్టుచీర అంచులో ఏనుగు నడవాలన్నా, నెమలి ఆడాలన్నా, ముందు ఆ బొమ్మ అట్టల మీద బెజ్జాలుగా మారాలి. ఒక్కో అట్ట అడ్డంగా పడే ఒక్కో పేకపోగుకు లెక్క. అట్టలన్నీ వరసగా దారంతో కుట్టి మగ్గం నెత్తిన ఎక్కిస్తే, బెజ్జం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. వెనకటికి ఆ బెజ్జాలు సుత్తితో కొట్టేవాళ్ళు. రెండువేల ఏడో సంవత్సరానికి ఆంజనప్ప అంగట్లో ఆ పని ఒక మిషన్ చేస్తోంది. దానికి ఒక కంప్యూటరు తగిలించి ఉంటుంది.

ఆ కంప్యూటరుకు బొమ్మలు పంపేది స్వప్న. పెనుకొండలో గొర్రెలు మేపే లక్ష్మన్న కూతురు. హిందూపురంలో కంప్యూటరు చదువు చదివి, అక్కడే ఒక అంగట్లో కరెంటు బిల్లుల లెక్కలు కొడుతూ, మిగిలిన వేళల్లో చీరల డిజైన్లు గీస్తుంది.

ధర్మవరంలో బంగారం బయట పెట్టి పడుకోవచ్చు గానీ, డిజైను బయట పెట్టి పడుకోకూడదు. పొద్దున గీసిన మామిడిపిందె సాయంత్రానికి పక్కింటి మగ్గం మీద కాయై, మర్నాటికి ఎదురింట్లో పండైపోతుంది. మొదట్లో స్వప్న తన డిజైను ఫ్లాపీలో పెట్టి బస్సులో పంపింది. బస్సు పెనుకొండ దాటేలోపల ఆ డిజైను చీరగా మారి, ఆ బస్సులోనే ముందు సీటు ఆమె కట్టుకుని కూర్చుందని లక్ష్మన్న ఒట్టు పెట్టి చెబుతాడు.

అందుకే స్వప్న సెక్యూర్ షెల్ అనే ప్రోగ్రాము పట్టుకొచ్చింది. ఒక ఆదివారం ధర్మవరం పోయి, ఆంజనప్ప కంప్యూటరులో లినక్సు ఎక్కించి, ఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్టుకు మారని అడ్రసు ఒకటి తీయించింది. ఇక హిందూపురంలో కూర్చుని ధర్మవరం కంప్యూటరులోకి దూరొచ్చు, ఎదురుగా కూర్చున్నట్లే పని చెయ్యొచ్చు, ఫైలు పంపొచ్చు. దారిలో ఎవడు తొంగిచూసినా వాడికి గజిబిజి తప్ప జింకా కనపడదు, కొమ్మూ కనపడదు. ఆంజనప్ప మాత్రం అదేదో పోస్టు పనే అనుకున్నాడు. పొద్దున చూస్తే ఫైలు వచ్చి ఉంటుంది, తాను మీట నొక్కి అట్టలు కొడతాడు, అంతవరకే ఆయనకు తెలుసు.

ఆ ఏడు దసరాకు చౌడక్క కొత్త మగ్గం పెట్టింది. ఆంజనప్ప ఇంటికి నాలుగిళ్ళ అవతల ఆమె ఇల్లు. విజయదశమి పొద్దు పొడుపుకు మొదటి పోగు పడాలని అమ్మవారు చౌడమ్మ తల్లికి మొక్కుకుంది. ఆ మగ్గానికి స్వప్న గీసిన అంచు. లేపాక్షి స్తంభాల మీది తీగ, తీగ కింద దూకుతున్న జింక. ఆంజనప్ప అందరి ముందరా అన్నాడు: "దశమి పొద్దున నీ అట్టలు తప్పు లేకుండా మగ్గం ఎక్కితే, ఇంకమీద నా అంగడి డిజైన్లన్నీ నీవే పాపా. ఎక్కల్యా, బెంగుళూరులో గీసే మేస్త్రీకే ఇస్తా." కరెంటు బిల్లులకు దండం పెట్టేసి బొమ్మలు గీసుకుంటూ బతకడమా, బిల్లులే కొట్టుకుంటూ బతకడమా అన్నది ఆ జింక కాళ్ళ మీద ఆధారపడిపోయింది.

అష్టమి నాడు అట్టలు కొట్టడం, కుట్టడం, చౌడక్క ఇంటికి చేరడం అన్నీ అయిపోయాయి. నవమి పొద్దున పెనుకొండలో స్వప్న తన డిజైను కాగితం మీద అచ్చువేసింది తీసి, గర్వంగా నాయనకు చూపించింది.

లక్ష్మన్న కాగితం దూరంగా పట్టి, దగ్గరగా పట్టి, చివరికి అన్నాడు: "బాగుండాది మే. ఈ జింకను యాడ పట్టినావు?"

"ఏం నాయనా?"

"ఐదు కాళ్ళుండాయి కదా, మామూలు అడివిలో దొరికే రకం కాదు."

స్వప్న కాగితం లాక్కుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఐదు. కడుపు కింద, సిగ్గుపడుతున్నట్లు, ఇంకోటి. ఒక జింకను గీసి తిప్పి అతికించినప్పుడు పాత కాలొకటి మిగిలిపోయింది. గొర్రెలు కాసే మనిషి కంటికి మంద ముందు కాళ్ళే కనపడతాయి. చదువుకున్న కూతురుకు కొమ్ములు, కన్ను, తీగ, పువ్వు అన్నీ కనపడ్డాయి గానీ కాళ్ళు లెక్కపెట్టాలని తోచలేదు.

ఆమె లెక్క చూసుకుంది. ఆ కాలున్నది ఇరవైనాలుగు అట్టల్లోనే. ఆ ఇరవైనాలుగూ మళ్ళీ కొట్టి మారిస్తే చాలు. వెంటనే నాయన సెల్లు లాక్కుని ధర్మవరంలో ఆంజనప్పకు కొట్టింది.

"చిన్నాయనా, జింకకు ఐదు కాళ్ళు పడినాయి."

"పడనీలే పాపా. నాలుగుకాళ్ళ జింకలు ఊరంతా ఉండాయి, మనది ఇంకా బిరీన పరిగెత్తుతాది."

"ఎగతాళి కాదు చిన్నాయనా! ఇరవైనాలుగు అట్టలు మళ్ళీ కొట్టాల. ఈ పొద్దే."

ఫోనులో నవ్వు ఆగిపోయింది. "ఈ పొద్దా? మిషన్‌కు పూజ అయిపాయ. దండేసినా, గుమ్మడికాయ కొట్టినా. రేపు పొద్దు పొడిచి హారతి ఇచ్చినాకనే దాని మీద చెయ్యి పెట్టేది."

"పొద్దు పొడుపుకే కదా చౌడక్క మొక్కు?"

"దానికి నేనేం చేద్దును? ఐదుకాళ్ళ అట్టలు ఎక్కించేకి ఒప్పుకోను, పూజలో ఉన్న మిషన్ ముట్టుకునేకీ ఒప్పుకోను. తప్పు పోకుండా గీస్తానని చెప్పింది నువ్వే. బెంగుళూరాయనకు ఫోను చేస్తాలే."

స్వప్న ఆయన్ను ఫోను పెట్టెయ్యనివ్వలేదు. ఊరికే నోటికొచ్చింది అడిగింది. "కంప్యూటరు ఆపేసినావా చిన్నాయనా?"

"ఆపేదా? పచ్చదీపం వెలుగుతాండాది కదా! పూజలో దీపం ఆర్పుతారా యాడన్నా?"

"మరి... మిషన్‌లో అట్టలు?"

"అవీ పెట్టినా. పూజ నాడు ఖాళీ కడుపుతో నిలబెడితే ఏడాదంతా ఖాళీనే. యాభై కొత్త అట్టలు పెట్టి పసుపు చల్లినా."

స్వప్న గుండె గొర్రెపిల్ల మాదిరి ఒక గెంతు గెంతింది.

"చిన్నాయనా, ఎవురూ చెయ్యి పెట్టకుండా అదే కొట్టుకుంటే?"

ఆంజనప్ప ఫోను పగిలేట్లు నవ్వాడు. "అదే కొట్టుకుంటే ఆ చౌడమ్మ తల్లి కొట్టినట్ల! అడ్డం చెప్పేకి నేనెవుర్ని? అట్టకొక టెంకాయ, ఇరవైనాలుగు టెంకాయలు కొడతా పో."

"మాట కదా?"

"మాటే!"

పావుగంటలో తండ్రీకూతుళ్ళు, స్వప్న పనిచేసే అంగట్లో కంప్యూటరు కోసమని, హిందూపురం బస్సులో ఉన్నారు. ఆ బస్సుకు ఎన్ని అరటిపిలకలు కట్టారంటే, అది రోడ్డు మీద పోతుంటే అరటితోట లేచి సంతకు పోతున్నట్లుంది. డ్రైవరు ఆకులు పక్కకు తోసి దారి చూసుకుంటున్నాడు. దారిలో రెండు మేకలు బస్సు వెంటపడి టిఫిను కూడా చేశాయి.

హిందూపురంలో దిగితే అన్నీ మూసిన షట్టర్లే. స్వప్న పనిచేసే అంగడి మూసి ఉంది. నెట్ సెంటర్లు మూసి ఉన్నాయి. ప్రతి గడప ముందూ పగిలిన గుమ్మడికాయలు, కుంకుమ. లక్ష్మన్న ఒక గుమ్మడిముక్క మీద కాలేసి, జారుకుంటూ మూడు అంగళ్ళు దాటి, నాలుగో అంగడి ముందు ఆగాడు.

ఆ నాలుగో అంగడి తెరిచి ఉంది.

"రా లక్ష్మన్నా, నడిచి కూడా రావచ్చు," అంది లోపలినుంచి గ్రేస్. ముప్పై ఏళ్ళ మనిషి, నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటరు, గోడ మీద యేసుప్రభువు క్యాలెండరు. స్వప్నకు చదువులో రెండేళ్ళు ముందు.

"గ్రేసక్కా, నీ కంప్యూటర్లు ముట్టుకోవచ్చా?"

"మావి క్రిస్మస్‌కు తప్ప ఎప్పుడైనా ముట్టుకోవచ్చు. ఊరంతా మూసినారు, నాకు ఈ పొద్దు ఒక్క బేరమూ రాలా. కూర్చో, కూర్చో."

స్వప్న పసుపుదారంతో మెడలో కట్టుకున్న పెన్ డ్రైవు తీసి తగిలించింది. బొమ్మలో ఒక్కో గడి అట్టలో ఒక్కో బెజ్జం. ఒక్కో గడీ చెరుపుకుంటూ ఐదోకాలు తీసేసింది. కాలు పోతుంటే లక్ష్మన్న "అయ్యో పాపం" అన్నాడు, అలవాటు కొద్దీ.

ఇక ధర్మవరం గడప. గ్రేస్ కంప్యూటరు ఆ గడప ఎన్నడూ తొక్కింది కాదు కాబట్టి సెక్యూర్ షెల్ ఆగిపోయి ఒక ప్రశ్న అడిగింది: అవతల ఉన్న కంప్యూటరు నాకు తెలీదు, దాని గుర్తు ఇదీ, లోపలికి పోయేదా?

"ఊఁ అని కొట్టెయ్యి," అన్నాడు లక్ష్మన్న.

"అట్ల కొట్టకూడదు నాయనా. మధ్యలో ఎవడన్నా ఆంజనప్ప వేషం కట్టి కూర్చుంటే? మన పాస్‌వర్డూ వాడిదే, జింకా వాడిదే." స్వప్న పుస్తకం తీసింది. ధర్మవరం కంప్యూటరు ముందు కూర్చున్న ఆదివారమే దాని గుర్తు రాసిపెట్టుకుంది. జతలు జతలుగా అంకెలు, అక్షరాలు. మొత్తం పదహారు జతలు.

జతలనగానే లక్ష్మన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు. గొర్రెలను దొడ్లోకి తోలేటప్పుడు జతల లెక్కనే కదా ఎంచేది. "మీరు చదవండి, నేను ఎంచుతా," అని జేబులోంచి శనక్కాయలు తీసి బల్ల మీద పోశాడు. స్వప్న తెర మీది జత చదవడం, గ్రేస్ పుస్తకంలో చూసి "ఉండాది" అనడం, లక్ష్మన్న ఒక శనక్కాయ పక్కకు జరపడం. చివరి జత అయిపోయింది.

"పదిహేను," అన్నాడు లక్ష్మన్న.

స్వప్న మొహం తెల్లబోయింది. "పదహారు ఉండాల నాయనా! ఒక జత తప్పిందా? ఎవడో మధ్యలో..."

"ఉండు ఉండు," అంటూ లక్ష్మన్న నమలడం ఆపి ఆలోచించాడు. "ఒకటి నోట్లో ఉండాది."

గ్రేస్ నవ్వి నవ్వి కుర్చీలోంచి కిందికి జారింది. మళ్ళీ మొదటినుంచి చదివారు. ఈసారి నోరు మూసుకుని ఎంచాడు. పదహారు. స్వప్న సరేనని కొట్టి, పాస్‌వర్డు కొట్టడం మొదలుపెట్టింది.

"తెర మీద ఏమీ పడల్యా మే. కంప్యూటరు చచ్చిపోయినట్లుండాది."

"పడతాండాది నాయనా. కనపడదు, అంతే."

"మొగుడికి తెలీకుండా దాచిన దుడ్లట్ల," అంది గ్రేస్.

తెర మీద ధర్మవరం తెరుచుకుంది. దిద్దిన ఫైలు పది లెక్కపెట్టేలోపల అక్కడికి చేరిపోయింది. ఆ దారిలో సగం రావడానికే పొద్దున బస్సుకు గంటకు పైగా పట్టిందని లక్ష్మన్నకు కోపం వచ్చింది. స్వప్న ఇరవైనాలుగు అట్టల నంబర్లు రాసి, కొట్టమని ఆజ్ఞ ఇచ్చి, గ్రేస్ ఫోను అందుకుని ఆంజనప్ప అంగడికి నంబరు తిప్పింది. గ్రేస్ స్పీకరు మీట నొక్కింది.

ఫోను ఎత్తింది ఆంజనప్పే. వెనక టక్, టక్, టక్ అని మిషన్ చప్పుడు. ఇంకా వెనక గోవింద నామాలు.

"చిన్నాయనా!"

"పాపా... పాపా... అమ్మ వచ్చింది! ఎవురూ ముట్టుకోలా! ఓళిగ తింటా కూర్చున్నా, దానంతట అదే లేచింది! దండ ఊగుతాండాది! వీధి వీధంతా ఈడనే ఉండారు! ఒరే, ఎవురన్నా కర్పూరం తేండ్రా!"

"అమ్మ కాదు చిన్నాయనా, నేను. హిందూపురంలో ఉండా."

"హిందూపురంలో ఉంటే నీ చెయ్యి ధర్మవరం దాకా వస్తాదా? అంత పొడుగు చెయ్యి ఉన్నదానివి బస్సెందుకు ఎక్కుతావు?"

"చూడు మల్ల. ఆపుతాండా."

స్వప్న ఒక మీట కొట్టింది. టక్ టక్ ఆగిపోయింది. గోవిందలూ ఆగిపోయాయి.

"మళ్ళీ కొట్టిస్తాండా."

టక్, టక్, టక్.

"ఓరి నాయనో!" అన్నాడు ఆంజనప్ప. అమ్మవారు వచ్చిందన్నప్పుడు కూడా అంత భయపడలేదు.

ఇక అక్కడ పంచాయతీ మొదలైంది. హిందూపురంలో ముట్టుకుంటే ధర్మవరంలో ముట్టుకున్నట్లా కాదా? ముట్టుకున్నట్లే అన్నాడొకడు. అట్లయితే ఫోనులో తిడితే చెంపదెబ్బ తగలాలి కదా అన్నాడింకొకడు. చివరికి చౌడక్క గొంతు అందర్నీ దాటి వినపడింది.

"ఏమన్నా ఆంజనప్పన్నా, మబ్బు మోడం పైనుంచి వాన కురిస్తే చేను తడుస్తాది. మోడం వచ్చి చేను ముట్టుకున్నెట్లనా? ఎవురూ చెయ్యి పెట్టకుండా కొట్టుకుంటే ఒప్పుకుంటానని మాటిచ్చినావంట. ఎవురు చెయ్యి పెట్టినారో చూపించు."

ఆంజనప్ప మిషన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి చూశాడు. ఏ చెయ్యీ కనపడలేదు. "సరే, కొట్టుకోనీ," అన్నాడు.

పదిహేడో అట్ట దగ్గర మిషన్ గుర్రుమని ఆగిపోయింది. స్వప్న ఆపలేదు. తెర మీద చూస్తే అట్ట లోపలికి పోవడంలేదని పడింది.

"ఏమైంది చిన్నాయనా?"

"దండలోంచి బంతిపూ రేకొకటి ఊడి అట్ట పోయే సందులో పడింది. కనపడతానే ఉండాది, వేలితో అంటే పోతాది..." అన్నాడు ఆయన. "కానీ వేలు పెట్టకూడదు కదా!"

సెక్యూర్ షెల్ ధర్మవరం దాకా పోగలదు, ఫైళ్ళు మోయగలదు, మిషన్‌ను పరిగెత్తించగలదు. బంతిపూ రేకును తీసే ఆజ్ఞ మాత్రం దాంట్లో లేదు. స్వప్న రెండు చేతులతో తల పట్టుకుంది. ఎనిమిది అట్టలు. ఎనిమిదే ఎనిమిది అట్టలు. అవి పడకపోతే మళ్ళీ కరెంటు బిల్లులే.

లక్ష్మన్న ఫోను దగ్గరికి వంగి అరిచాడు: "ఊదు ఆంజనప్పా! ముట్టుకునేది తప్పు గానీ ఊదేది తప్పని యాడ రాసినారు?"

ఫోనులోంచి కొలిమితిత్తి కొట్టినట్లు ఒక చప్పుడు, వెంటనే దగ్గు. ఆంజనప్ప ఊదితే రేకు కదలలేదు గానీ, మిషన్ మీద చల్లిన పసుపంతా లేచి ఆయన మొహాన్నే పడింది. తర్వాత పక్కింటాయన ఊదాడు. ఎదురింటి ముసలాయన ఊదితే ఆయన కట్టుడుపళ్ళు బయటికొచ్చాయి. వీధి వీధంతా వరసలో నిలబడి, బుగ్గలు పూరించుకుని, ఒకరి తర్వాత ఒకరు ఊదారు. ధర్మవరంలో ఆ పొద్దు లేచిన గాలికి రామగిరి దాకా చింతచెట్లు ఊగాయంటారు.

రేకు మాత్రం కదలలేదు.

"జరగండ్రి," అంది చౌడక్క.

"చేట తెచ్చినావా? దానికి పూజ కాలేదా?" అని ఆంజనప్ప గొంతు.

"కొత్తమగ్గం సంబరంలో చేటకు బొట్టు పెట్టేది మర్చిపోయినాలే అన్నా."

మర్చిపోయిందో లేదో ఆ తల్లికే తెలియాలి. నలభై ఏళ్ళు శనక్కాయల్లోంచి పొట్టు, పొట్టులోంచి రాళ్ళు వేరుచేసిన చెయ్యి. చేటతో ఒక్క విసురు విసిరింది.

"పోయింది! పోయింది!" అని వీధంతా కేక. "యాడికి పోయింది?" "ఆంజనప్ప ముక్కు మీదికి!"

స్వప్న పదిహేడో నంబరు నుంచి మళ్ళీ ఆజ్ఞ ఇచ్చింది. టక్, టక్, టక్... ఒక్కో చప్పుడుకూ హిందూపురంలో ముగ్గురూ, ధర్మవరంలో వీధంతా కలిసి ఎంచారు. ఇరవైరెండు, ఇరవైమూడు, ఇరవైనాలుగు! గ్రేస్ లేచి స్వప్నను పట్టుకుని గిరగిరా తిప్పింది. లక్ష్మన్న మిగిలిన శనక్కాయలన్నీ ఒక్కసారే నోట్లో వేసుకున్నాడు.

అట్టలు మార్చడానికి సూది కావాలి కదా, సూది కూడా ఆయుధమే కదా అని ఆంజనప్ప మళ్ళీ ఒక అడ్డు పట్టుకొచ్చాడు. "సూదికి బొట్టు పెట్టినా గానీ నా వేళ్ళకూ పళ్ళకూ పెట్టలేదన్నా," అంది చౌడక్క. పాత దారాలు పంటితో కొరికి, ఐదోకాలి అట్టలు తీసేసి, కొత్తవి వేళ్ళతోనే ముడులేసి, సాయంత్రం దీపాలు పెట్టేలోపల ఇరవైనాలుగూ కలిపేసింది.

దశమి నాడు మొదటి బస్సుకు స్వప్న, లక్ష్మన్న ధర్మవరం దిగారు. ఆంజనప్ప గడప దాటాలంటే టెంకాయ చిప్పల గుట్ట ఎక్కి దిగాల్సి వచ్చింది. మాట ప్రకారం ఇరవైనాలుగూ కొట్టాడు ఆయన. మొహం మీద పసుపు ఇంకా పూర్తిగా పోలేదు.

నాలుగిళ్ళ అవతల చౌడక్క తన మగ్గంలో కూర్చుంది. పొద్దు ఎర్రగా పొడుస్తుండగా మొదటి పోగు వేసింది. నెత్తిన అట్టలు ఒక్కోటి తిరుగుతున్నాయి. ఆంజనప్ప చేతులు కట్టుకుని చూస్తున్నాడు. స్వప్న నాయన చెయ్యి పట్టుకుని అంచు వైపే చూస్తోంది. బెత్తెడు నేత అయ్యేసరికి అంచులో కాళ్ళు వచ్చాయి. ఇంకా నేస్తే కడుపు వచ్చింది. కడుపు కింద ఏమీ లేదు.

"నాకు కండ్లు సరిగా ఆనవు," అన్నాడు ఆంజనప్ప. "లక్ష్మన్నా, నువ్వు చూడప్పా. నీ లెక్కనే లెక్క."

లక్ష్మన్న మగ్గం మీదికి వంగాడు. దొడ్డి గేటు దగ్గర నిలబడ్డ మాదిరి వేలు చాచి, మెల్లగా, నోట్లో ఏమీ లేకుండా ఎంచాడు.

"రెండు జతలు," అన్నాడు.

ఆంజనప్ప జేబులోంచి ఒక కాగితాల చుట్ట తీసి స్వప్న చేతిలో పెట్టాడు. దీపావళికి కావలసిన పదకొండు చీరల అంచులు, బెంగుళూరు మేస్త్రీకి పంపాలని రాసిపెట్టుకున్నవి. "నెమళ్ళుండాయి ఇందులో," అన్నాడు గొంతు సవరించుకుని. "గీసినాక ముందు మీ నాయనకు చూపించి మల్ల పంపు పాపా."